ట్రాలీకి టైర్లు మార్చాలా? ముందు కాంటా, తర్వాతే దుకాణం

మా గూడెప్పాడు క్రాస్‌రోడ్డులో చాయ్ తాగేవాళ్లను ట్రాక్టర్ టైర్ల గురించి కదిలిస్తే గంటసేపు చెప్తారు. ఏ కంపెనీ గట్టిది, ఏది దమ్ములో జారుతుంది, ఏది నాలుగేళ్లు ఆగుతుంది, అన్నీ వాళ్లకు తెలుసు. ట్రాలీ టైర్ల మాట ఎత్తితే మాత్రం ఒకటే జవాబు: "ఏదో ఒకటి ఎయ్యరాదే, గుంజేది ఇంజనే గదా."

గుంజేది ఇంజనే, అంటే ట్రాక్టరే, కానీ మోసేది ట్రాలీ. వడ్లయినా ఇసుకయినా ఇటుకలయినా, బరువంతా కూర్చునేది ఆ నాలుగు టైర్ల మీదనే. పరకాల, నర్సంపేట, ములుగు రోడ్లమీద ఎండాకాలంలో ఒరిగిపోయి ఆగిన ట్రాలీలను చూడండి. చాలావాటిలో ఇంజను బాగానే ఉంటుంది. పగిలింది ట్రాలీ టైరే అయి ఉంటుంది.

నేను కిరాయికి ట్రాలీ నడుపుతా. చలికాలం పత్తి, ఎండాకాలం మొదట్లో మిర్చి వేసుకొని ఏనుమాముల మార్కెట్‌కు పోతా. తర్వాత యాసంగి వడ్లు, మధ్యలో ఎవరైనా ఇల్లు కడితే ఇటుకలు. టైర్లు కొనాలని నన్నెవరైనా అడిగితే మొదట కంపెనీ పేరు చెప్పను, బరువు అడుగుతా. "మస్తుగ మోస్తం అన్నా" అంటే అది బరువు కాదు. కిలోల్లో కావాలి.

కాంటా మీద ఏం చూడాలి

మీరు మామూలుగా మోసే సరుకుల్లో అన్నిటికంటే బరువైనది నింపుకొని వేబ్రిడ్జికి పోండి. పత్తి నింపుకొని పోతే లాభం లేదు. పత్తి డబ్బా నిండి పైకి గోపురం కట్టినా, వడ్లంత తూగదు. ఇసుక, ఇటుక, వడ్లు, ఈ మూడింట్లో మీరు ఎక్కువగా ఏది మోస్తే దాన్నే లెక్కకు తీసుకోండి.

నాలుగు చక్రాల ట్రాలీ అయితే ముందు ఇరుసు ఒకసారి, వెనక ఇరుసు ఒకసారి కాంటా మీదికి ఎక్కించి విడివిడిగా తూకం వేయించండి. కాంటా నడిపే మనిషి కొంచెం విసుక్కుంటాడు, చాయ్‌కి పది రూపాయలు ఇస్తే సరిపోతుంది. రెండు చక్రాల ట్రాలీ అయితే ఇంజనుకు తగిలించే ఉంచి, ట్రాలీ చక్రాలు మాత్రమే కాంటా మీద ఉండేలా నిలబెట్టండి. ఆ రకం ట్రాలీలో కొంత బరువు హుక్కు మీదుగా ఇంజను మీదికి పోతుంది. ట్రాలీని విప్పి తూస్తే టైర్ల మీద పడే అసలు బరువు తెలియదు.

ఒక లెక్క చెప్తా. ఖాళీ ట్రాలీ 1,900 కిలోలు అనుకోండి. కొనుగోలు సెంటర్‌లో 40 కిలోల బస్తాలు 140 ఎక్కించారు, అంటే 5,600 కిలోలు. మొత్తం 7,500. నాలుగుతో భాగిస్తే టైరుకు 1,875 వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగుతారు. కానీ వెనక ఇరుసును విడిగా తూస్తే 4,150 వచ్చిందనుకోండి, అప్పుడు వెనక ఒక్కో టైరు మీద 2,075 పడుతోంది. రోడ్డు ఒక పక్కకు వాలినా, ఒక చక్రం గుంతలో దిగినా ఆ వైపు ఇంకా పెరుగుతుంది. అందుకే నేను పైన పదిహేను శాతం కలుపుకుంటా. సుమారు 2,390 కిలోలు మోసే టైరు కావాలన్నమాట. ఇదంతా ట్రాలీ ఆర్సీలో రాసిన బరువు లోపల ఉంటేనే సుమా. దాన్ని దాటితే ఎంత గట్టి టైరు వేసినా కేసు కేసే, ఇరుసు మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది?

ఈ అంకె చేతిలో పెట్టుకొని దుకాణానికి పోతే బేరం తీరే వేరుగా ఉంటుంది.

టైరు పక్కన రాసిన అంకెలు

టైరు పక్కగోడ మీద అక్షరాలు కనీసం అరడజను రకాలు ఉంటాయి. మనకు కావలసినవి నాలుగైదే.

మొదటిది సైజు. 9.00-16 అని ఉంటే టైరు వెడల్పు దాదాపు 9 అంగుళాలు, రిమ్ము 16 అంగుళాలు. మధ్యలో గీత ఉంటే మామూలు నైలాన్ టైరు, గీత బదులు ఆర్ అక్షరం ఉంటే రేడియల్. సైజు విషయంలో తెలివితేటలు వద్దు, మీ రిమ్ముకు ఏది ఉందో అదే. పెద్దది వేస్తే ట్రాలీ ఎత్తు పెరుగుతుంది, మలుపులో డబ్బా అంచుకు రాసుకుంటుంది.

రెండోది ప్లై రేటింగ్, 8 పీఆర్, 14 పీఆర్, 16 పీఆర్ అని ఉంటుంది. లోపల అన్ని పొరలు ఉన్నాయని కాదు, అంత బలం ఉందని. అన్నిటికంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 7.50-16 సైజు టైరు పెద్ద ట్రాక్టర్ల ముందు చక్రానికి 8 పీఆర్‌లో వస్తుంది. అదే 7.50-16 సరుకు బండ్లకు 16 పీఆర్‌లో వస్తుంది. రెండూ ఒకే రిమ్ముకు ఎక్కుతాయి. నిలబెడితే ఎత్తు కూడా దగ్గరదగ్గరే. మొదటిది చౌక. "సైజు ఒక్కటే గదా" అని దాన్ని ట్రాలీకి ఎక్కిస్తే మొదటి ఇటుకల లోడుకే పక్కలు ఉబ్బుతాయి.

మూడోది లోడ్ ఇండెక్స్, స్పీడ్ గుర్తు. 139 ఏ8 లాగా కలిపి రాస్తారు. ఆ అంకె కిలోలు కాదు, దానికి పట్టిక ఉంది: 120 అంటే 1,400 కిలోలు, 125 అంటే 1,650, 130 అంటే 1,900, 135 అంటే 2,180, 139 అంటే 2,430, 140 అంటే 2,500. పైన మన లెక్కకు 139 గాని, అంతకంటే పైది గాని కావాలి. పక్కనున్న అక్షరం ఆ బరువుతో పోగలిగిన వేగం. ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40, బీ అంటే 50, డీ అంటే 65. ఏ8 టైరు వేసుకొని 163 నంబరు హైవే మీద ఖాళీ దొరికిందని 55లో ఉరికిస్తే ఆ టైరు ఇచ్చిన మాట చెల్లదు. ఈ కాలం పిల్లగాళ్లకు ఇంజను మీద సౌండ్ బాక్సు పెట్టాక స్పీడు ఎంతుందో వినబడదు, అది వేరే బాధ.

కొన్ని టైర్ల మీద లోడ్ ఇండెక్స్ ఉండదు. అప్పుడు గరిష్ఠ బరువు ఇన్ని కిలోలు, ఇంత గాలి దగ్గర అని ఇంగ్లీషులో నేరుగా రాసి ఉంటుంది. గాలి కేపీఏల్లో ఉంటే ఏడుతో భాగించండి, దాదాపు పీఎస్‌ఐ, అంటే గాలి గేజీ మీద మనం చూసే లెక్క, వస్తుంది. 550 కేపీఏ అంటే సుమారు 80 పీఎస్‌ఐ. ఏ అంకె కనబడకపోతే దుకాణదారును కంపెనీ పుస్తకం తీసి చూపించమనండి. ఇప్పుడు ఫోన్‌లోనే చూపిస్తున్నారు.

చివరిది తయారీ తేదీ. చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. కొత్త టైరు ధర పెట్టేటప్పుడు ఏడాది దాటిన సరుకును నేను తీసుకోను. ధర బాగా తగ్గిస్తే అప్పుడు ఆలోచిస్తా, అదీ నీడలో నిలువ ఉన్నదైతేనే. దుకాణం బయట ఎండలో వరుసగా పేర్చి పెట్టినవాటిని చెయ్యి పెట్టి చూడను కూడా.

గ్రిప్పు మోజు

ట్రాలీకి ఇంజను వెనక చక్రంలాంటి పెద్ద బటన్ల టైరు కావాలని అడిగేవాళ్లు ఉన్నారు. పొలంలో గ్రిప్పు ఉంటుందట. ట్రాలీ చక్రం తనంతట తాను తిరగదు, దాన్ని ఇంజను లాక్కుపోతుంది. గ్రిప్పు కావలసింది లాగే చక్రానికి. లాగించుకునే చక్రానికి తేలిగ్గా దొర్లే టైరు కావాలి. అందుకే ట్రాలీ టైర్లకు నిలువు గీతలే ఎక్కువ ఉంటాయి. పెద్ద బటన్లు తారు రోడ్డు మీద వేడెక్కుతాయి, త్వరగా అరుగుతాయి, నల్లరేగడిలో మట్టిని పట్టుకొని రోడ్డంతా పోసుకుంటూ వస్తాయి. మీ ట్రాలీకి బ్రేకులు ఉంటే మాత్రం గీతలు అరిగిపోయిన గుండు టైరు అసలు పనికిరాదు. కార్లు, లారీల టైర్లకు గీత లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన ఉంది. నేను ట్రాలీకి దాని రెట్టింపు ఉండగానే మారుస్తా.

మీది ఎక్కువగా పొలాల్లో తిరిగే ట్రాలీ అయితే సంగతి వేరు. తడి పొలంలో సన్న టైరు దిగబడుతుంది. 11.5/80-15.3 లాంటి వెడల్పు టైర్లు తక్కువ గాలితో మట్టి మీద తేలుతాయి. వాటికి రిమ్ములు కూడా మార్చాలి, ఖర్చు గట్టిదే. వరికోతప్పుడు నాలుగు రోజుల పనికోసం అంత పెట్టడం నాకు దండగనిపిస్తుంది. పొలం గట్టు మీద ట్రాలీ పెట్టి, హార్వెస్టర్‌నే గట్టు దాకా రమ్మంటే సరిపోతుంది.

పాత లారీ టైరు, రబ్బరు వేసిన టైరు

మన దగ్గర సగం ట్రాలీలు లారీలు వాడి వదిలేసిన టైర్ల మీదనే నడుస్తున్నాయి. నేను అందులో తప్పు పట్టను. లారీ టైరు పెద్ద బరువుకు తయారైంది, ట్రాలీ వేగం తక్కువ. కానీ ఎంచుకోవడం తెలియాలి.

మొదట తేదీ చూడండి. గ్రిప్పు ఎంత ఉన్నా, ఐదారేళ్లు దాటినది వదిలేయండి, రబ్బరు లోపల గట్టిపడి ఉంటుంది. తర్వాత పక్కగోడను వేళ్లతో విరిచినట్టు వంచి చూడండి, సన్న నెర్రెలు కనబడితే వద్దు. ఎక్కడైనా ఉబ్బు ఉంటే లోపల దారాలు తెగినట్టే. రిమ్ముకు పట్టుకునే అంచు దగ్గర తీగ బయటపడిందా చూడండి. చివరికి టైరు లోపలి వైపు అరచేత్తో మెల్లగా తడమండి, జాగ్రత్త, విరిగిన తీగ గుచ్చుకుంటుంది. లోపల పెద్ద ప్యాచీ ఉంటే దాన్ని పంక్చర్ దుకాణంలోనే వదిలేయండి. లోపలి వైపు చూపించడానికి ఒప్పుకోని దుకాణంలో సెకండ్ హ్యాండ్ టైరు కొనాల్సిన పనే లేదు.

రీట్రేడింగ్, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు వేయించడం, మీ సొంత టైరుకు చేయించుకుంటేనే నాకు నమ్మకం. కింది టైరు ఏ లారీకి ఎంత నలిగిందో తెలియకుండా, పైన కొత్త రబ్బరు మెరుస్తోందని కొంటే, ఎండలో పెచ్చు ఊడిపోయేది అదే.

రేడియల్, నైలాన్ రెండూ నడుస్తాయి. ఒకే ఇరుసుకు ఒకవైపు రేడియల్, ఇంకోవైపు నైలాన్ మాత్రం వేయకండి. రెండూ బరువుకు ఒకేలా కుంగవు, ట్రాలీ ఒక పక్కకు లాగుతుంది. అలాగే ఒకవైపు కొత్తది, ఇంకోవైపు సగం అరిగింది పెడితే ఎత్తైన టైరే ఎక్కువ బరువు మోస్తుంది. డబ్బులు రెండింటికే ఉంటే రెండూ ఒకే ఇరుసుకు, కాంటాలో ఎక్కువ తూగిన ఇరుసుకు వేయండి.

పాత టైరు ఏం చెప్తోంది

కొత్తవి తెచ్చేముందు పాత టైర్లను ఒకసారి కూర్చొని చూడండి. రెండు అంచులూ అరిగి మధ్యలో గీతలు మిగిలితే ఇన్నాళ్లూ గాలి తక్కువ పెట్టి నడిపారు. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ. ఒకే అంచు అరిగితే ఇరుసు వంగి ఉంటుంది, లేదా బేరింగు ఊగుతోంది. చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకొని ఊపితే బేరింగు సంగతి తెలిసిపోతుంది. ఇరుసు సంగతి వెల్డింగ్ షెడ్డులో దారం పట్టి చూస్తారు. వంగిన ఇరుసుకు కొత్త టైరు వేస్తే అది కూడా అదే అంచుకు అరుగుతుంది, వేలకు వేలు బూడిదలో పోసినట్టే.

దుకాణంలో

కంపెనీ పేర్ల దగ్గర నాకు పట్టింపు లేదు. ఎంఆర్‌ఎఫ్, అపోలో, సియట్, జేకే, బీకేటీ, అన్నిటికీ ట్రాలీకి పనికొచ్చే టైర్లు ఉన్నాయి. పనికిరానివి కూడా ఉన్నాయి. మీ అంకెకు సరిపోయేది ఎవరి దగ్గర తక్కువకు వస్తే వాళ్లది. క్లెయిమ్ వస్తే చూసే మనిషి వరంగల్‌లో ఉన్నాడా అని మాత్రం అడగండి.

బిల్లు తప్పనిసరిగా తీసుకోండి, దాని మీద టైరు నంబరు రాయించండి. అది లేకపోతే తయారీ లోపం ఉన్నా క్లెయిమ్ కాదు. జీఎస్టీ కూడా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద పన్ను 18 శాతం నుంచి 5కు తగ్గింది. లారీ టైర్లలాంటి వాటికి 28 నుంచి 18 అయింది. మీరు తీసుకున్నది ఏ లెక్కలోకి వస్తుందో, బిల్లులో ఏ శాతం వేశారో అడిగి తెలుసుకోండి. "బిల్లు లేకుంటే ఇంకో వెయ్యి తగ్గిస్త పటేలా" అంటే తలూపకండి.

కొత్త టైరుకు కొత్త ట్యూబు. ఫ్లాప్ (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య పెట్టే రబ్బరు పట్టీ) ఉండే రిమ్ము అయితే కొత్త ఫ్లాప్ కూడా. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో మడత పడుతుంది, ఆ మడత దగ్గరే చిరుగుతుంది. రిమ్మును తుప్పు గీకించి రంగు వేయించండి. బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉంటే ఆ రిమ్మును మార్చాలి, వెల్డింగ్ పెట్టి నడిపించకూడదు.

లాక్ రింగు, అంటే టైరును రిమ్ము మీద పట్టి ఉంచే విడి ఇనుప రింగు, ఉన్న రిమ్ముల దగ్గర మాత్రం పరాచకాలు వద్దు. విప్పే ముందు గాలి పూర్తిగా తీసేయాలి, వాల్వు పిన్ను కూడా తీసి పక్కన పెట్టాలి. గాలి కొట్టేటప్పుడు రింగు సరిగ్గా కూర్చోకపోతే అది ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. టైరును ఇనుప పంజరంలో పెట్టి కొడితే మంచిది, అది లేకపోతే కనీసం గొలుసు చుట్టాలి. రింగుకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. చూడటానికి పిల్లలు గుమిగూడితే దూరం పంపించండి.

గాలి

బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. ఇంజను వెనక టైరుకు 12 నుంచి 20 పీఎస్‌ఐతో పని జరుగుతుంది కదా అని ట్రాలీకి కూడా మెత్తగా ఉంచేవాళ్లున్నారు. 16 పీఆర్ టైరు తన పూర్తి బరువు మోయాలంటే దానికి రాసినంత గాలి కావాలి, అది ఇంజను టైరు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తక్కువైతే పక్కగోడ ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ వేడెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఉత్తర తెలంగాణలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. యాసంగి వడ్లు కదిలేది సరిగ్గా అప్పుడే. పూర్తి లోడు, కాలే తారు రోడ్డు, తక్కువ గాలి మూడూ కలిసిన రోజే టైర్లు పగులుతాయి.

పొద్దున, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. మధ్యాహ్నం లోడుతో వచ్చాక చూస్తే అంకె పెరిగి కనబడుతుంది, అది చూసి గాలి తీసేయకండి. సుత్తితో కొట్టి శబ్దంతో గాలి చెప్పే పాతకాలపు క్లీనర్లు ఉన్నారు. పూర్తిగా దిగిన టైరును వాళ్లు పట్టుకోగలరు. 80 ఉండాల్సింది 55 ఉంటే శబ్దంతో తెలియదు. లారీ టైర్లకు వాడే గేజీ ఒకటి కొనుక్కోండి, పెద్ద ధర కాదు.

మేడారం జాతర వస్తే కొత్త టైర్లేసి, ట్రాలీలో గడ్డి పరిచి, ఊరంతా ఎక్కించుకొని పోవాలని మనవాళ్ల ఉబలాటం. ట్రాలీ మనుషుల బండి కాదు, అలా ఎక్కించడానికి అనుమతి కూడా లేదు. బంగారం మొక్కు తీర్చుకోవడానికి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది, వాటిలో పోండి.

బిగించాక

కొత్త చక్రాలు బిగించి మొదటి లోడు దింపాక నట్లు మళ్లీ బిగించండి. రంగు పొర నలిగి, రిమ్ము సర్దుకొని నట్లు వదులవుతాయి. ఎదురెదురు నట్లను జతలుగా బిగించాలి, వరుసగా కాదు. చక్రాలు విప్పినప్పుడే బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టించుకుంటే ఇంకోసారి కూలీ మిగులుతుంది.

నాట్లు మొదలయ్యాక మా ట్రాలీకి పత్తి వచ్చేదాకా పెద్దగా పని ఉండదు. అప్పుడు ఇరుసుల కింద రాళ్లో, చెక్క దిమ్మలో పెట్టి చక్రాలు నేలకు తగలకుండా లేపి, ఎండ పడే వైపు పాత తాటిపత్రి కప్పండి. ఒకే చోట నెలలకొద్దీ బరువు మీద నిలబడితే టైరు కింద భాగం చదునవుతుంది, ఎండకు పక్కలు నెర్రెలిస్తాయి.

తీసేసిన నాలుగింట్లో కాస్త బాగున్న టైరును పాత ఇనుముకు వేయకండి. మన ట్రాలీల్లో చాలావాటికి స్టెప్నీ ఉండదు. సరిపోయే రిమ్ము ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరికితే దానికి ఎక్కించి, పూర్తిగా గాలి నింపి, డబ్బా కింద బిగించుకోండి. పక్కనే పది టన్నుల జాకీ, దాని కింద పెట్టడానికి ఒక మందపాటి చెక్క ముక్క ఉంచుకోండి. రోడ్డు పక్క మెత్తటి మట్టిలో చెక్క లేకుండా జాకీ పెడితే ట్రాలీ లేవదు, జాకీయే నేలలోకి దిగుతుంది.